ఖర్చులు తీసుకోండి అన్నయ్యా

అదేం మాట అన్నయ్యా, తొందరేముందమ్మా అంటారేంటి? తొందర ఉంది కాబట్టేగా ఇంత ఎండలో బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాను. మీ లాయరు పంపిన కాగితంలో ఇవాళ సాయంత్రం ఐదు గంటల్లోపు అని రాసుంది. కోర్టు ఖర్చులు ఐదులోపు ముట్టకపోతే రేపు పొద్దున్నే మా కంపెనీ మూసెయ్యమని పిటిషన్ వేస్తాడట. మీరేమో కూర్చో, టీ తాగు, వచ్చేవారం చూసుకుందాం అంటారు. మీ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి నేను?

సరే, కూర్చుంటాను. నేను నిలబడితే మీరూ నిలబడతారు, అసలే మోకాళ్ల నొప్పి మీకు.

టీనా? చెప్పండి. పంచదార తక్కువ వెయ్యమనండి.

ఆ గోడ గడియారం సరిగ్గానే నడుస్తోందా? అడిగానంతే. అయితే ఇంకా టైముందిలెండి. కానీ మీరు ఊ అంటే అయిదు నిమిషాల పని అన్నయ్యా. ఖర్చులు ముట్టాయి అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి, నా దారిన నేను పోతాను.

వద్దంటారేంటి మళ్లీ? మన మధ్య ఇవన్నీ ఏంటమ్మా అంటున్నారు. మన మధ్య కోర్టు వచ్చింది కదా అన్నయ్యా. నేను తేలేదు దాన్ని.

లేదు, కోపం కాదు. నా గొంతే అంత. మా ఆయన కూడా అదే అంటుంటారు, నువ్వు గుడ్ మార్నింగ్ చెప్పినా తగువుకొచ్చినట్టు ఉంటుందని. ఆయనకి నోరు లేదు, నాకు నోరు తప్ప ఇంకేం లేదు. అలా ఎలాగో ఇద్దరం కలిసి ఒక షెడ్డు నడుపుతున్నాం. సీట్లూ, దిండ్లూ, ఆసుపత్రి బెంచీల మీద పరుపులూ. మీకు తెలియనిదేముంది? మా షెడ్డుకి మొదటి లోడు ఫోము పంపింది మీరే. డబ్బు తర్వాత ఇద్దువుగానిలే అన్నారు. ఆ మాటకే కరిగిపోయి నేను అన్నయ్యా అన్నాను, ఆ వరసన ఆయన మిమ్మల్ని బావా అన్నారు. రక్తసంబంధం ఏమీ లేదు, ఫోము సంబంధమే. అయినా మా పెళ్లి ఫోటోలో లేరన్న మాటే గానీ, ఆ తర్వాత ఏ మంచికి చెడ్డకి మీరు లేరు?

అందుకేగా ఏడుపు.

ఇదిగో, ఇది పట్టుకోండి. పట్టుకోండన్నయ్యా, కరవదు. మీ ఫోమే. ఆ బస్సు సీట్ల లోడులోంచి కోసిన ముక్క, ఎప్పుడూ నా హ్యాండు బ్యాగులోనే ఉంటోంది. నొక్కండి. చూశారా, మీ వేలు పడిన గుంట అలాగే ఉండిపోయింది. మంచి ఫోమైతే మీ వేలికంటే ముందే పైకి లేస్తుంది. ఇది నేను మీకు చెప్పాలా? ఇప్పుడు కొంచెం నలపండి. ఊఁ, అదీ. పిండిలా రాలిపోతోంది. అయ్యో, మీ టేబుల్ మీద పడింది, ఉండండి తుడుస్తాను.

ఆ సీట్లు రెండు నెలలు ఆగలేదు. ఎక్కినవాళ్లందరికీ కింద ఇనప చట్రం తగులుతోందని గోల. బస్సు కంపెనీవాళ్లు ఒక పొద్దున లారీ వేసుకొచ్చి సీట్లన్నీ మా షెడ్డు ముందు కుప్ప పోసి పోయారు, మాకు రావాల్సింది ఆపేశారు. వాళ్లు మాకు ఆపారు, మేం మీకు ఆపాం. ఎగ్గొట్టలేదే? ఇలా ఇలా అయింది, సరుకు మార్చండి లేదా ధర తగ్గించండి అని మిమ్మల్నే పిలిచి చూపించాం. మీరొచ్చారు. ఇలాగే నొక్కారు. ఇలాగే పొడి రాలింది. చూద్దాం చేద్దాం అన్నారు. మా ఆయనైతే మీ కారు సందు తిరిగేదాకా నిలబడి, బావ చూసుకుంటారులే అన్నారు.

బావ చూసుకున్నారు. నెల తిరక్కుండా మీ లాయరు నోటీసు వచ్చింది.

మీరు పంపమన్నది కాదా? ఆయనంతట ఆయనే పంపాడా? సరే, అలాగే అనుకుందాం. కంపెనీ బాకీ మూడు వారాల్లో కట్టండి, లేదంటే ఆ బాకీలో తేడా ఉందని కోర్టుకి చెప్పుకోండి, రెండూ చెయ్యకపోతే కంపెనీ మూయించేస్తాం. అంతే, మూడు ముక్కలు. మా ఆయన దాన్ని పట్టుకుని కటింగ్ టేబుల్ మీద కూర్చుండిపోయారు. తర్వాత మీకే ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను, మీ గొంతు బయటికే వినబడుతోంది. మీరేమన్నారో గుర్తుందా? అదేం పట్టించుకోకు బావా, లాయర్లు అలవాటుగా పంపుతుంటారు, మనం మనం చూసుకుందాం అన్నారు.

ఆయన పట్టించుకోవడం మానేశారు. చెప్పిన మాట వినే మనిషి కదా.

నేను రోజూ పోరుతూనే ఉన్నాను. ఆఖరికి మూడోవారంలో నేనే చెయ్యి పట్టుకుని ఒక లాయరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. చిన్నపిల్లే గానీ చురుకైంది. ఫోము ముక్క నలిపి చూసి, మీ కేసు బాగుందండీ అంది. కానీ ఈ గడువు దగ్గర మాత్రం దయాదాక్షిణ్యాలు ఉండవు, కోర్టులో వెయ్యడమే కాదు, ఆ కాగితాలు గడువులోపల అవతలివాళ్ల చేతికి అందాలి, ఒక్కరోజు దాటినా జడ్జిగారు కూడా ఏం చెయ్యలేరు అంది. పాపం రాత్రీ పగలూ కూర్చుని ఆఖరి రోజు మధ్యాహ్నానికి వేసేసింది. కాగితాలు మా మనిషితో పంపిస్తాను, వాళ్లింట్లో ఇచ్చి సంతకం తీసుకుంటాడు అంది.

అక్కడ మా ఆయన నోరు తెరిచారు. అప్పటిదాకా ఒక్క మాట లేదు. వద్దమ్మా, పరాయి మనిషి వెళ్లి కోర్టు కాగితం చేతిలో పెడితే బావ నొచ్చుకుంటారు, నేనే వెళ్లి ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి వస్తాను అన్నారు.

టీ వచ్చింది. ఇక్కడ పెట్టమనండి. థాంక్సమ్మా.

మీరూ తీసుకోండి అన్నయ్యా. చల్లారిపోతే బాగోదు.

ఆ సాయంత్రం సంగతి మీకే బాగా తెలుసు, మీరింట్లోనే ఉన్నారు. వదిన ఆపరేషన్ చేయించుకుని ఆ ముందురోజే ఇంటికొచ్చింది. ఆ సంగతి మాకు తెలియదు. తెలిస్తే నేనే వచ్చేదాన్ని, వదినని చూసి కాగితం మీ చేతిలో పెట్టి పోయేదాన్ని. నాకు రెండూ చాతనవుతాయి. ఆయనకి చాతకాదు. గుమ్మంలో అడుగు పెట్టగానే మంచం మీద వదిన. అన్నయ్యగారు వచ్చారా, నా కోసం ఎంత దూరం వచ్చారో అని కళ్లనీళ్లు పెట్టుకుందట. ఇక సంచిలోంచి కవరు ఎలా తీస్తారు చెప్పండి? కుర్చీ కింద పెట్టుకున్నారు. మీరు టీ ఇచ్చారు. టీ అయ్యాక ఇద్దామనుకున్నారు. భోజనం చేసి వెళ్లాలన్నారు. భోజనం అయ్యాక ఇద్దామనుకున్నారు. మీరే దగ్గరుండి కొసరి కొసరి వడ్డించారట, ఇంటికొచ్చాక అదీ చెప్పారు నాకు. ఆఖరికి గేటు దగ్గర ఇచ్చేద్దామని సంచిలో చెయ్యి పెట్టారట. అప్పుడే మీరు మా చెల్లాయికి ఇవ్వు అని పళ్ల సంచి తెచ్చి ఆ చేతిలో పెట్టారు. ఒక చేత్తో పళ్లు పుచ్చుకుని రెండో చేత్తో కోర్టు కాగితం ఇవ్వాలంటే ఏ జన్మలోనో పుణ్యం చేసుండాలి. మా ఆయన చేసుకోలేదు.

పళ్లూ కవరూ రెండూ పట్టుకుని ఇంటికొచ్చారు.

నేనేమన్నానో అది మాత్రం అడక్కండి. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది కదా, పెద్దవారు మీ ముందు పూర్తిగా చెప్పలేను గానీ, ఆయన ముందు మాత్రం పూర్తిగానే చెప్పాను. తెల్లారుతూనే పరిగెత్తుకుంటూ వచ్చి మీ గోడౌన్ వాచ్‌మన్ చేతిలో పెట్టి సంతకం తీసుకున్నారు. ఒక్క రాత్రి తేడా. మేం ఇదేం పెద్ద విషయం కాదులే అనుకున్నాం. బావ దీన్ని పట్టుకుని కూర్చునే మనిషా అన్నారు ఆయన.

మీ లాయరు అడిగాడు, చెప్పాల్సి వచ్చింది అంటారు. అవును మరి. అడిగితే చెప్పాలి. జడ్జిగారి ముందు నిలబడి చక్కగా చెప్పారు. ఆ రోజు మా ఇంటికొచ్చారు, భోంచేశారు, కాగితాలు మాత్రం ఇవ్వలేదు అని. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను. మా ఆయన తలొంచుకున్నారు, దొంగతనం చేసి దొరికిపోయినట్టు. పెట్టిన అన్నం సాక్ష్యం చెప్తుందని ఆయనకేం తెలుసు?

ఫోము సంగతి ఎత్తనే లేదు అక్కడ. మా లాయరమ్మ పాడైపోయిన సీటొకటి కోర్టుకి మోయించుకొచ్చింది, జడ్జిగారికి చూపిద్దామని. వరండాలో బెంచీ మీద పెట్టాం. మా పిలుపు కోసం కూర్చునుంటే ఎవరో పెద్దాయన, వేరే కేసు తాలూకు, ఖాళీ సీటే కదా అని వచ్చి దాని మీద చతికిలపడ్డాడు. వెంటనే నడుం పట్టుకుని లేచి, ఇందులో ఏం లేదేంటమ్మా అన్నాడు. కేసు మొత్తం మీద ఆ ఫోము మీద తీర్పు చెప్పింది ఆయనొక్కడే. జడ్జిగారికి దాన్ని చూడాల్సిన పనే పడలేదు. గడువు దాటింది, పెంచే అధికారం నాకు లేదు, బాకీ కట్టండి, అవతలివాళ్ల కోర్టు ఖర్చులు కూడా మీరే కట్టండి అన్నారు. లేచి వెళ్లిపోయారు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదన్నమాట.

బాకీ సంగతి సరే. వ్యాను అమ్మేసి కట్టేశాం, మీకు ముట్టింది. ఇప్పుడు దిండ్లు పంపాలంటే కిరాయి బండి పిలుస్తున్నాం. కానీ ఖర్చుల బిల్లు చూశారా మీరు? మీ బిల్లే కదా, చూసే ఉంటారు. చూడలేదా? చూడాల్సింది. అదొక వినోదం. కోర్టులో కింది అంతస్తులో ఒక చిన్న గది ఉంది, అక్కడ ఒక ఆఫీసరమ్మ ఎర్ర పెన్ను పట్టుకుని ఆ బిల్లు వరసగా చదువుతుంది. ఫైలు చదివినందుకు ఇంత. చదివిన ఫైలు మళ్లీ చదివినందుకు ఇంత. ఫైలు గురించి ఆలోచించినందుకు ఇంత. ఆలోచనకి కూడా డబ్బులు పుచ్చుకోవచ్చని తెలిస్తే మా ఆయన ఈపాటికి కోటీశ్వరులయ్యేవారు.

మధ్యలో ఒకటొచ్చింది. అవతలి పక్షంతో సంప్రదింపు, పావుగంట, ఇంత. ఇదేం సంప్రదింపండీ, మేమెప్పుడు మాట్లాడామని అడిగాను. మీ లాయరు గుమస్తా తేదీ చెప్పాడు. అప్పుడు మా ఆయన మెల్లిగా నా చెవిలో అన్నారు, ఆ రోజు వరండాలో వాళ్ల లాయరు ఎదురుపడితే నమస్కారం పెట్టి, భోంచేశారా అని అడిగానే అని. పలకరించినందుకు బిల్లేశారన్నయ్యా. ఆఫీసరమ్మ కూడా నవ్వాపుకోలేక పెన్ను పెట్టి కొట్టేసింది దాన్ని. అదొక్కటే కొట్టేసింది. మిగతాది అసలు బాకీకి సగం పైన తేలింది.

ఇది కూడా మీకు తెలియదంటారు. లాయరు చూసుకుంటాడు, నేను ఇవన్నీ పట్టించుకోను అంటారు. బానే ఉంది. నవ్వే ముఖం మీది, కోసే కత్తి ఆయనది.

అలా చూడకండి. అనాల్సి వచ్చింది, అన్నాను.

ఈ ఖర్చుల కోసం కటింగ్ మిషన్ అమ్మేశాం. తెలుసా మీకు? ఆ పెద్ద బ్లేడు మిషను. ఇప్పుడు ఆయన పొడుగు కత్తితో చేత్తో కోస్తున్నారు, అరిచేతులు బొబ్బలు. చాలకపోతే మా కుట్టుపని ఆడవాళ్లు ముందుకొచ్చి, మాకీ నెల జీతం తర్వాత ఇవ్వండి, ముందు షెడ్డుకి తాళం పడకుండా చూడండి అన్నారు. వాళ్లలో ఒక్కదానికైనా నెలాఖరున చేతిలో పది రూపాయలు మిగలవు. నేను వద్దనలేకపోయాను. కంపెనీ మూతపడితే ఎవరో ఆఫీసరు వచ్చి మిషన్లకి సీలు వేసి, లెక్క రాసుకుని, వేలం వేస్తాడట. వాళ్లు కూర్చునే కుర్చీల మీద మెత్తలతో సహా. అవి వాళ్లే కుట్టుకున్నారు, మిగిలిన గుడ్డ ముక్కలతో.

అందుకే మళ్లీ అడుగుతున్నాను. ఇంకా టైముంది. ఐదుకి పది నిమిషాలు తక్కువ. ఖర్చులు తీసుకోండి అన్నయ్యా, తీసుకున్నానని రాసివ్వండి.

వచ్చేవారం.

వచ్చేవారం ఇమ్మంటారు. నీ దగ్గర ఇబ్బందిగా ఉన్నప్పుడు నేనెలా తీసుకుంటానమ్మా అంటారు. లాయరుకి నేను చెప్తానంటారు. మరైతే ఫోన్ ఇదిగో, టేబుల్ మీదే ఉంది, ఇప్పుడే చెప్పండి. ఆగమని నా ముందు ఒక్క మాట అనండి, చాలు. రాత్రికి చేస్తారా? ఈ టైములో ఎత్తడా? అలాగా.

మీరు మా ఆయనకి భోజనం పెట్టిన రోజు గుర్తొస్తోంది నాకు. ఇంకొంచెం, ఇంకొంచెం అని వడ్డిస్తుంటే ఎవరైనా లేచిపోతారా? ఒకటడుగుతాను, కోప్పడకండి. ఆ కుర్చీ కింద సంచిలో ఏముందో మీకు తెలుసు కదూ? ఆ పూట మా ఆయన ఎందుకొచ్చారో, ఆ రోజు గడువులో ఎన్నో రోజో మీకు తెలుసు.

చెప్పకపోయినా ఫర్లేదు. టీ తాగండి.

నేను మీకొకటి చెప్పాలి. నిన్న బస్సు కంపెనీ స్టోరు మేనేజరు ఫోన్ చేశాడు. మేడమ్, వచ్చేవారం దాకా మీ కంపెనీ ఉంటుందా అని అడిగాడు. అదేంటండీ అలా అడిగారు అన్నాను. కొత్త సీట్ల ఆర్డరు ఇవ్వబోతున్నాం, మీరూ ధర ఇచ్చారు, ఫోము షాపాయన కూడా సొంతంగా సీట్లు చేసిస్తానని ధర ఇచ్చారు, మీ సంగతి అడిగితే, పాపం మంచివాళ్లే గానీ ఈ వారంలో మూతపడుతున్నారండీ అన్నారు అని చెప్పాడు. పాపం మంచివాళ్లు. ఆ మాట మీదే అయుంటుంది, మేనేజరు కల్పించి చెప్పలేడు.

ఇప్పుడు మీరు నీళ్లు నములుతున్నారు. ఎప్పుడూ ఆ పని మా ఆయనది.

రాత్రి ఈ సంగతి ఆయనకి చెప్పాను. ఆయన నమ్మలేదు. వ్యాపారంలో ధర ఇవ్వడం తప్పేముంది, ఎవరైనా ఇస్తారు, అంతమాత్రాన బావ మనల్ని ముంచుతారా అన్నారు. లాయరు దగ్గర కట్టకు, అది మర్యాద కాదు, వెళ్లి ఆయన చేతికే ఇవ్వు, చూడు, తీసుకుని అక్కడికక్కడే లాయరుకి ఫోన్ చేసి ఆగమంటారు అన్నారు. సగం వెనక్కిచ్చినా ఇస్తారు అని కూడా అన్నారు, పిచ్చిమనిషి. తీసుకోరు అని నేను. తీసుకుంటారు అని ఆయన. చివరికి నా చేతిలో చెయ్యి వేసి, వెళ్లి అడుగు, తీసుకోకపోతే నీ ఇష్టం, ఇక జన్మలో ఆయన పేరెత్తను అన్నారు. పెళ్లైనప్పట్నుంచి మా ఆయన నాతో పందెం కాయడం ఇదే మొదలు.

ఐదు కొట్టింది. వినబడిందా? మీ గడియారమే.

ఎందుకంత తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు అన్నయ్యా? పైకి కనబడుతోంది.

ఇక కంగారు పడకండి, దాచను. డబ్బు నా దగ్గర లేదు. పొద్దున కోర్టులు తెరిచే వేళకే మీ లాయరు ఆఫీసులో కట్టేశాను. లాయరు లేడు, కోర్టుకెళ్లాడు. గుమస్తా ఉన్నాడు. ఆయనకి మొహమాటం లేదు, తొందరేముందమ్మా అనలేదు, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని స్టాంపు కొట్టి రసీదిచ్చాడు. సాయంత్రం సారు రాగానే చెప్తానన్నాడు. ఇదిగో రసీదు, చూడండి. చూసి ఇచ్చెయ్యండి, ఇంకొకటి లేదు. రేపు పిటిషన్ లేదు, తాళం లేదు. షెడ్డు ఎప్పటిలాగే తెరుస్తాం. బస్సు కంపెనీ మేనేజరుకి కూడా దారిలోనే ఫోన్ చేసి చెప్పాను, ఉంటామండీ అని.

మోసం అంటారా? నేను ఖర్చులు తీసుకోండి అన్నాను, తీసుకున్నానని రాసివ్వండి అన్నాను. డబ్బు నా చేతిలో ఉందని ఒక్కసారైనా అన్నానా? మీ దగ్గరే నేర్చుకున్నాను, అబద్ధం ఒక్క ముక్క కూడా లేకుండా చెప్పడం.

మరెందుకొచ్చావు అంటున్నారు. అవును, ఎందుకొచ్చాను? కట్టేసిన డబ్బు తీసుకోమని అడగడానికి రెండు బస్సులు మారి ఎవరైనా వస్తారా? ఆయనకి మాటిచ్చాను కాబట్టి వచ్చాను. అదొక్కటే కాదు. నవ్వకండి మరి.

దారి పొడుగునా ఒకటే అనుకుంటూ వచ్చాను. ఈయన తీసుకుంటే బావుండు. ఇవ్వమ్మా అని ఒక్క మాట అంటే బావుండు. అంటే వెంటనే రసీదు తీసి చూపించి, మీ గురించి తప్పుగా అనుకున్నాను క్షమించండి అని చేతులు పట్టుకుందామనుకున్నాను. బస్సు సీట్ల ఆర్డరు మీరు పట్టుకుపోయినా పోనీలే, వ్యాపారమే కదా అనుకున్నాను. గుమ్మంలో మిమ్మల్ని చూసినప్పుడు కూడా అదే అనుకున్నాను. ఒకటికి మూడుసార్లు అడిగాను, మీరే చెప్పండి, అడగలేదా? నాకు ఓడిపోవడం చేతకాదని ఆయన ఎప్పుడూ దెప్పుతుంటారు. ఇది మాత్రం ఓడిపోవాలనే వచ్చానన్నయ్యా. కోర్టులో ఓడినందుకు ఖర్చులు కట్టాం. ఇక్కడ గెలిచినందుకు ఏం కట్టాలో నాకు తెలియట్లేదు.

ఆయన షెడ్డు బయటే నిలబడి ఉంటారు. నేను బస్సు దిగగానే ఎదురొచ్చి, తీసుకున్నారా అని అడుగుతారు. నేనేం చెప్పినా, నా ముఖం చూసి కనిపెట్టేస్తారు. మీ పేరు మళ్లీ ఎత్తరు, మాట అంటే మాటే. కానీ రేపట్నుంచి ఎవరు నవ్వుతూ పలకరించినా, వీడు ఎందుకు నవ్వుతున్నాడా అని చూస్తారు. అలాంటి మనిషి కాదాయన.

మీ ఫోన్ మోగుతోంది. లాయరే అయుంటారు, తియ్యండి. ఖర్చులు ముట్టాయని చెప్తారు. మీరు కూడా అప్పుడే మొదటిసారి విన్నట్టు వినండి.

లేవకండి, మోకాళ్లు. నేను వెళ్తున్నాను. తలుపు వెయ్యమంటారా, తీసి ఉంచమంటారా?